మూడు బిందెల హద్దు

నాచారం, హైదరాబాదు
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

చిరంజీవి గ్రేసీకి, మీ పద్మత్త ఆశీస్సులు.

ఈ రోజు పనులు: నల్లా తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి ఐదూ పదికి పోయింది. డ్రమ్ములు రెండూ నిండాయి. పదకొండు జతల బట్టలు ఉతికాను. రెండు కిలోల చింతపండు గింజ తీసి జాడీకి ఎత్తాను. గ్యాస్ బండ మార్చి తేదీ గోడ మీద రాశాను. మీ మామకు సద్ది కట్టి కంపెనీకి పంపాను. వంట, గిన్నెలు అయ్యాయి. మిగిలింది ఈ ఉత్తరం.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. పోస్టుమ్యాన్ దాన్ని నాకిచ్చే ముందు గల్లీలో నలుగురికి చూపించాడు. "కరెంటు బిల్లు గాదు, కోర్టు కాయితం గాదు, చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది పద్మమ్మకు" అని ఒకటే నవ్వు. మీ మామ మాత్రం "ఫోనుండంగ ఉత్తరాలేంది? పిల్లను ట్రైనింగుకు పంపినమా, జైలుకు పంపినమా?" అన్నాడు. మీ చిదంబరం సార్ పెట్టిన నియమం చదివి వినిపించాను: ప్రతి ఆదివారం, ఈ పని గురించి ఏమీ తెలియని సొంతూరి మనిషి ఒకరికి చేత్తో ఉత్తరం రాయాలి, వచ్చిన జవాబు క్లాసులో చదవాలి. మీ గల్లీలో ఒక్కరికి అర్థం కానిది ఆ పెద్ద హాల్లో ఎవరికీ అర్థం కాదు అన్నాడని రాశావు కదా. అది విని మీ మామ, "ఆయనకు బుర్రుంది" అని పేపర్లో తల పెట్టేశాడు.

నాకు అర్థమైనంత రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. ఎండలు, వానలు గతి తప్పుతున్నాయి కనుక దేశాలన్నీ ఏటా కూర్చుని ఎవరు ఏం చేయాలో మాట్లాడుకుంటాయి. అక్కడ మాట్లాడేవాళ్ళంతా తలనెరిసినవాళ్ళే. ఆ ఎండల్లో ఎక్కువ కాలం బతకాల్సింది పిల్లలు. అందుకని మీ ఇరవై నాలుగు మందికి ఆ సభల పద్ధతులు మూడు నెలలు నేర్పుతారు. జూన్‌లో జర్మనీలో జరిగే సమావేశంలో మీలో ఒక్కరికి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఉంటుంది. మూడు నెలల చదువుకు రెండు నిమిషాలు. రోజుకు ఒకటిన్నర సెకను కూడా పడదు, లెక్క వేశాను.

నానమ్మ ఫొటో మంచం పక్కన పెట్టుకున్నానని రాశావు. మంచిది.

మీ నాన్న జీవన్ బాగున్నాడు. అమ్మకు ఈ వారం పగటి డ్యూటీ. పొరుగునే ఉన్నాను కనుక మీ ఇల్లు నేను చూస్తున్నాను.

పద్మత్త

*

బెంగళూరు
23 ఫిబ్రవరి 2025

పద్మత్తకు,

ఒకటిన్నర సెకను లెక్క క్లాసులో చదివితే చిదంబరం సార్ నవ్వలేదు. బోర్డు మీద రాశారు. "దీన్ని గుర్తుపెట్టుకోండి" అన్నారు.

ఇక్కడ మా ముందు దేశాల పేర్ల పలకలు పెడతారు. నిజం సభలో లాగే మాట్లాడాలి. నాకు వచ్చింది ఒక చిన్న ద్వీపం. సముద్రం మా ఊళ్ళను తినేసింది, సాయం చేయండి అని అడిగాను. పెద్ద దేశం పలక వెనక కూర్చున్న రాజస్థాన్ అబ్బాయి "తప్పకుండా, అప్పుగా ఇస్తాం" అన్నాడు. పాత అప్పే తీరలేదన్నాను. "అయితే కొత్తది ఇవ్వడం కష్టం, మా నియమం ఒప్పుకోదు" అన్నాడు. మంచి పిల్లవాడే అత్తా, రోజూ నాకు టీ తెచ్చిపెడతాడు. కానీ ఆ పలక వెనక కూర్చోగానే ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! నేను కోపంతో నా పలక బోర్లా పెట్టేశాను. సార్ మాత్రం, "కోపం కాదు, లెక్క చూపించు. మీ దగ్గర ఏం లెక్కలున్నాయి?" అన్నారు.

నాకు నీ నీళ్ళ పుస్తకం గుర్తొచ్చింది. మా గల్లీలో పదకొండు ఇళ్ళు నీళ్ళు చేబదులు ఇచ్చుకుంటాయనీ, ఎవరు ఎన్ని బిందెలు ఇచ్చారో మా అత్త పుస్తకంలో రాస్తుందనీ చెప్పాను. సార్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ నియమాలు ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు, అన్నీ రాసి పంపమని నిన్ను అడగమన్నారు. వివరంగా రాయి.

మామకు చెప్పు, ఇక్కడ సాంబారులో బెల్లం వేస్తారు. జైలే నయం.

గ్రేసీ

*

నాచారం
4 మార్చి 2025, మంగళవారం

చిరంజీవి గ్రేసీకి,

నల్లా రాలేదు, ఈ రోజు మన వంతు కాదు. బియ్యం చెరిగాను, దోమతెర కుట్టాను, మీ అమ్మ విక్టోరియా ఇచ్చిన రెండు జాకెట్లకు కుట్లు వదులు చేశాను.

సార్ అడిగినవి రాస్తున్నాను. 2019 ఎండాకాలంలో నల్లా రోజు విడిచి రోజు కూడా సరిగ్గా రాలేదు. ఉప్పలమ్మ పెద్ద బిందెతో నీళ్ళిచ్చి చిన్న బిందెతో వెనక్కి తీసుకోవలసి వచ్చిందని దుర్గేష్ వాళ్ళమ్మతో తగువు పడింది. "నీ బిందె బిందెనా, చెంబా?" అన్న మాట మెయిన్ రోడ్డు దాకా వినిపించింది. నాకు తగువులు పడవు. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, మొదటి రోజే పేజీలన్నిటికీ నంబర్లు వేశాను. ఎవరూ చింపారనే మాట రాకూడదు కదా. ఆ సాయంత్రం మా అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాను.

కొలత అందరికీ ఒకటే: పదిహేను లీటర్ల ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె. ఇచ్చినప్పుడు, తీసుకున్నప్పుడు ఇద్దరి ఎదుట రాయాలి. తీసుకున్నవాళ్ళు సంతకం పెట్టాలి. మీ నానమ్మ సంతకం బదులు చిన్న సిలువ గీసేది. "ఏసయ్య సాక్షి, ఇగ నేను ఎగ్గొడితే ఆయన్నే అడుగు" అనేది. తన ఇంటికి నల్లా వచ్చిన రోజు బాకీ తీర్చాలి. ఎవరి బాకీ అయినా మూడు బిందెలు దాటకూడదు. మూడు ఉండగా నాలుగోది ఇవ్వరాదు. ఈ చివరిది నేనే పెట్టాను. ఇచ్చేవాళ్ళ ఇల్లు ఎండకూడదు, తీసుకునేవాళ్ళు తీర్చలేనంత బాకీలో పడకూడదు అని. అందరూ ఒప్పుకున్నారు. మీ నానమ్మే ముందు చెయ్యెత్తింది.

ఆరేళ్ళలో మళ్ళీ తగువు రాలేదు. ఇది గొప్పకు రాయడం లేదు, అడిగారు కనుక రాస్తున్నాను.

పద్మత్త

*

బెంగళూరు
16 మార్చి 2025

పద్మత్తకు,

నీ గల్లీ ఇక్కడ రెండు రోజులు నడిచింది! పదకొండు ఇళ్ళ పేర్లు పలకల మీద రాసి బల్లల ముందు పెట్టారు. ఒడిశా అమ్మాయి ఉప్పలమ్మ. టీ తెచ్చే రాజస్థాన్ అబ్బాయి నువ్వు. దుప్పటి కొంగులా వేసుకొని, చంకలో నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నాడు. నానమ్మ పలక ఎవరికీ ఇవ్వనివ్వలేదు, నేనే తీసుకున్నాను.

మొదటి రోజంతా బాగా సాగింది. రెండో రోజు సార్ నల్లా నాలుగు రోజులు రాలేదనుకోండి అన్నారు. అప్పుడు తెలిసింది. ఆటలో మూడో రోజుకల్లా నాలుగు ఇళ్ళు మూడు బిందెల హద్దుకు చేరాయి. అవన్నీ డ్రమ్ములు లేని ఇళ్ళే. నల్లా వచ్చే కాసేపటిలో పట్టుకొని దాచుకోలేనివాళ్ళే అప్పు చేస్తారు, హద్దు తగిలేదీ వాళ్ళకే. డ్రమ్ములున్నవాళ్ళకు హద్దు ఉన్న సంగతే తెలియదు. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ నియమం ప్రకారమే నడిచారు. అయినా సాయంత్రానికి నాలుగు ఇళ్ళు ఎండిపోయాయి.

అప్పుడు సార్ నన్నే అడిగారు: "నిజం గల్లీలో, మూడు బాకీ ఉన్న మనిషి మళ్ళీ వస్తే మీ అత్త ఏం చేసేది?"

నేను లేచి చెప్పాను. "మా పద్మత్త పుస్తకంలో ఏం రాసినా, గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒట్టి బిందెతో పంపలేదు" అని. అందరూ బల్లలు చరిచారు.

జూన్‌లో మాట్లాడడానికి నా పేరు ఇద్దరిలో ఒకటిగా ఉంది. నానమ్మ గురించీ, మన పుస్తకం గురించీ మాట్లాడతాను. సార్ నోటిమాటలు ఒప్పుకోరు, కాగితం కావాలంటారు. పోయిన ఏడాది ఏప్రిల్, మే పేజీలు జిరాక్స్ తీయించి పంపగలవా?

గ్రేసీ

*

నాచారం
25 మార్చి 2025

చిరంజీవి గ్రేసీకి,

పేజీలు పంపుతున్నాను. లాలాపేట్ దాకా వెళ్ళి జిరాక్స్ తీయించాను, ఇక్కడి మిషను మసకగా పడుతోంది. బస్సులో వెళ్ళి నడిచి వచ్చాను. ఎండ అప్పుడే ముదిరింది.

మామకు నైట్ షిఫ్ట్ పడింది. పగలు పడుకుంటాడు కనుక మిక్సీ వేయకుండా రోట్లో నూరుతున్నాను.

క్లాసులో నా గురించి అంత చెప్పనక్కర లేదు. నియమాల గురించి చెప్పు, చాలు.

పద్మత్త

*

బెంగళూరు
6 ఏప్రిల్ 2025

పద్మత్తకు,

జూన్‌లో మాట్లాడేది నేనే. శుక్రవారం చెప్పారు. నాన్నకు ఫోన్ చేస్తే "మీ నానమ్మ ఉంటే గల్లీ గల్లీ తిరిగి చెప్పేది బిడ్డా" అన్నాడు.

అత్తా, పేజీలు వరసగా పెట్టి చూశాను. 84 తర్వాత 86 ఉంది. 85 లేదు. 84 మే రెండు దగ్గర ఆగింది, 86 మే ఐదున మొదలైంది. నానమ్మ పోయిన మే మూడు ఆ పేజీలోనే ఉండాలి. జిరాక్స్ మిషను దగ్గర ఆ పేజీ తప్పిపోయినట్టుంది. నాకు అదే పేజీ కావాలి. ఎందుకో రాస్తాను. ఇది నాన్నకు కూడా చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండలో నానమ్మ కంపెనీ గేటు దగ్గరి నల్లాకు ఎందుకు వెళ్ళిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న "మొండిది, చెప్తె ఇనది" అంటాడు. కానీ నాకు తెలుసు. ఆ ఉదయం నాకు హబ్సిగూడలో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంట్లో ఉన్నవి రెండు బిందెల నీళ్ళు. నేను తలంటుకున్నాను. నానమ్మ గుమ్మంలో కూర్చుని "పోసుకో, పోసుకో, గలీజు తలతోని పోతె నౌకరీ ఎవడిస్తడు" అంది. అవే చివరి నీళ్ళు. నేను ఉద్యోగం రాక తిరిగొచ్చేసరికి, వడదెబ్బకు పడిపోయిన ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళారు.

ఈ పదకొండు నెలల్లో నేను ఒక్కసారి కూడా నిండు బకెట్‌తో తలంటుకోలేదు. చెంబుతో తడుపుకొని తుడుచుకుంటాను. ఇక్కడ గదిలో ఉండే అమ్మాయి అలవాటనుకుంటోంది.

రెండు నిమిషాల్లో ఆ మాట కూడా చెప్పాలనుకుంటున్నాను. మా నానమ్మ నీళ్ళు వాడుకున్నది నేనే అని. ఆ రోజు పేజీ ఉంటే, అప్పటికి మా ఇల్లు ఎన్ని నీళ్ళు చేబదులు తీసుకుందో సరిగ్గా చెప్పగలను. వీలైనంత త్వరగా పంపు.

గ్రేసీ

*

నాచారం
14 ఏప్రిల్ 2025, సోమవారం

గ్రేసీకి,

ఈ రోజు పనులేవీ రాయడం లేదు.

జిరాక్స్ మిషను తప్పు లేదు. 85వ పేజీ నేను ఇవ్వలేదు. ఈ ఉత్తరంతో అసలు కాగితమే పెడుతున్నాను, బ్లేడుతో కోశాను. నా పుస్తకంలో చిరిగిన పేజీ ఇదొక్కటే.

అందులో మే మూడు కింద ఇలా ఉంటుంది: "11.20. సాలమ్మ 2 బిందెలు అడిగింది. పాత బాకీ 3. ఇవ్వలేదు." పక్కన సిలువ లేదు. ఇవ్వని వాటికి సంతకం ఉండదు.

మీ నానమ్మ ఖాళీ బిందెతో మా గుమ్మంలో నిలబడి "పద్మా, రెండు బిందెలియ్యి బిడ్డా. ఎల్లుండి నల్లా రాంగనే అన్నీ కలిపి ఇస్త" అంది. నేను పుస్తకం తెరిచాను. తెరవకపోయినా నాకు తెలుసు, అయినా తెరిచాను.

"మూడు బాకీ ఉన్నయి గద పెద్దమ్మా. నీకిస్తె రేపు అందరికియ్యాలె. లెక్క లెక్కనే."

ఆమె నవ్వింది. "నువ్వు సర్కారు దఫ్తర్ల ఉండాల్సినదానివే. మంచిగుంది తీయ్. ఆ గేటు కాడ నల్లా వస్తుందట, సూసొస్త."

"ఎండ మస్తుంది, పొద్దుగూకినంక పోరాదు?" అన్నాను.

"పొద్దుగూకేదాక ఈ గొంతు ఆగాలె గద" అని వెళ్ళిపోయింది.

ఎండ ఉందని చెప్పాను కదా, చెప్పినా వినలేదు కదా అని ఏడాదిగా నా వైపు జమ వేసుకుంటూ వచ్చాను. అది జమ కాదు. గొంతు అని ఆమె చెప్పింది, నేను విన్నాను. ఒక చెంబు నీళ్ళు తాగమని కూడా అనలేదు. పుస్తకం మూసి లోపల పెట్టే పనిలో ఉన్నాను.

ఇంకొక అంకె నీకు చెప్పాలి, అది పుస్తకంలో లేదు. ఆ పూట మా డ్రమ్ముల్లో పద్నాలుగు బిందెల నీళ్ళున్నాయి. రెండు ఇస్తే పన్నెండు మిగిలేవి.

నువ్వు తలంటుకోవడం వల్ల మీ నానమ్మ వెళ్ళలేదు. ఇంట్లో నీళ్ళు లేకపోతే మా ఇంటికి వచ్చింది, రావాల్సిన చోటికే వచ్చింది. నేను ఇవ్వకపోతే వెళ్ళింది. నువ్వు తల తడుపుకొని తుడుచుకుంటున్నానని రాసినది చదివి వంటింట్లో కూర్చుండిపోయాను. నేను నోరు మూసుకొని ఉన్న ప్రతి రోజూ ఆ బరువు నువ్వు మోశావు. మీ నాన్న మీ నానమ్మను మొండిది అంటుంటే కూడా నేను ఎదురుగా నిలబడి విన్నాను.

నా గురించి ఆ సభలో మంచి చెప్పవద్దు. చెడు చెప్పాలనుకుంటే పేరుతో చెప్పు. ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించాలో లేదో నువ్వే నిర్ణయించు. లేదు, అది కూడా నీ మీద వేయడమే అవుతుంది. ఈ సాయంత్రం నేనే వెళ్ళి జీవన్‌కూ విక్టోరియాకూ చెబుతాను.

పద్మావతి

*

నాచారం
4 మే 2025, ఆదివారం

గ్రేసీకి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. రావాలని రాయడం లేదు.

నిన్న మీ ఇంట్లో నానమ్మకు ఏడాది ప్రార్థన జరిగింది. పాస్టరు గారు వచ్చారు. నేను లోపలికి వెళ్ళలేదు, మా గుమ్మంలోనే నిలబడి పాటలు విన్నాను. విక్టోరియా ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. జీవన్ ఎదురుపడితే తల వంచుకొని వెళ్తాడు. అలాగే ఉండాలి.

మల్లెలు రెండు మూరలు ఆ కంపెనీ గేటుకు కట్టి వచ్చాను. నల్లా వచ్చింది. డ్రమ్ములు నిండాయి.

పద్మావతి

*

బాన్, జర్మనీ
22 జూన్ 2025

పద్మావతి గారికి,

ఇక్కడి నుంచి నేను ఇంటికి రావడం లేదు. నవంబరులో జరిగే పెద్ద సభ దాకా ఢిల్లీలో పని ఇచ్చారు. ఈ ఉత్తరం అక్కడ దిగాక పోస్టు చేస్తాను.

మీ కాగితం వచ్చిన రోజు చిదంబరం సార్ దగ్గరికి వెళ్ళి నేను మాట్లాడను, ఇంకొకరిని పంపండి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. కాగితం చదివించుకొని విన్నారు. "పేరు అక్కర్లేదు. లెక్క చెప్పు. చెప్పగలిగితేనే వెళ్ళు" అన్నారు. తొమ్మిది వారాలు పట్టింది. ఎన్నిసార్లు రాసినా మిమ్మల్ని తిట్టడంతోనే రెండు నిమిషాలు అయిపోయేవి.

చివరికి ఇక్కడ చెప్పింది ఇదీ: మా గల్లీలో పదకొండు ఇళ్ళు. నీళ్ళ అప్పుకు ఒక నియమం ఉంది, న్యాయంగా ఉండాలనే పెట్టారు. మూడు బిందెల బాకీ ఉన్నవాళ్ళకు నాలుగోది లేదు. ఒక మే నెల ఉదయం మా నానమ్మ రెండు బిందెలు అడిగింది. ఆమె బాకీ మూడు. ఇవ్వాల్సినవాళ్ళ దగ్గర పద్నాలుగు ఉన్నాయి. నియమం పాటించారు. ఆమె ఎండలో నడిచింది. మీరు ఈ గదిలో అడిగేవాళ్ళ బాకీ ఎంతో ప్రతిసారీ చదువుతారు. మీ డ్రమ్ముల్లో ఎన్ని ఉన్నాయో కూడా చదవండి.

ఒక నిమిషం యాభై సెకన్లు. అధ్యక్షుడు ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచారు. ఏమీ మారలేదు. సాయం ఎవరు ఎంత ఇవ్వాలనే పేరా ఇంకా తేలలేదు, నవంబరుకు వాయిదా వేశారు.

బయట కాఫీ దగ్గర ఒక ద్వీపదేశం నుంచి వచ్చిన పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఇరవై ఏళ్ళుగా ఈ సభలకు వస్తోందట. "ఆ పద్నాలుగు సంగతి నీకెలా తెలుసు?" అంది. ఆ నీళ్ళు ఉన్న ఆవిడే రాసి పంపింది అన్నాను. "ఇరవై ఏళ్ళలో మాకు ఒక్కరు కూడా అలా రాయలేదు" అంది.

ఇది మిమ్మల్ని ఓదార్చడానికి రాయలేదు. ఆమె అన్నది కనుక రాశాను, మీరు నాకు లెక్క దాచకూడదని నేర్పారు కనుక.

క్షమించడం గురించి ఇప్పుడు రాయలేను. మా నానమ్మ బాకీ మాత్రం మీ పుస్తకంలో ఉండకూడదు. మూడు బిందెలు తెచ్చి పోయమని నాన్నకు చెప్పాను. వద్దనకండి. దాచుకొని ఏడవకండి. తీసుకొని రాయండి. లెక్క లెక్కే అన్నది మీరే.

మీ కాగితం వచ్చిన సాయంత్రం నిండు బకెట్‌తో తలంటుకున్నాను. చాలాసేపు పోసుకున్నాను అత్తా.

గ్రేసీ

*

నాచారం
6 జూలై 2025, ఆదివారం

గ్రేసీకి,

ఈ రోజు పనులు: నల్లా నాలుగూ నలభైకి వచ్చింది. డ్రమ్ములు కడిగి నింపాను. వాన తుంపర పడుతోంది కనుక బట్టలు లోపల తాడు మీద ఆరేశాను. మీ మామకు జ్వరం, జావ కాచాను. పాత నోటుబుక్కుకు అట్ట వేశాను.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఎన్నిసార్లు చదివానో రాయను.

మర్నాడే గల్లీవాళ్ళను మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టాను. మే మూడున ఏం జరిగిందో అందరి ముందు చెప్పాను. ఉప్పలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "గిన్ని దినాలు కడుపుల వెట్టుకొని ఎట్ల తిన్నవే పద్మా అన్నం?" అంది. తిన్నాను, ఏం చెప్పను. మూడు బిందెల హద్దు కొట్టేశాం. ఇక మీదట ఎవరైనా అడిగితే, ముందు ఇచ్చేవాళ్ళ డ్రమ్ములో ఎన్ని ఉన్నాయో రాయాలి. ఆ తర్వాతే అడిగినవాళ్ళ బాకీ. నాలుగుకు మించి ఉంటే ఇచ్చి తీరాలి. తాగడానికి చెంబెడు నీళ్ళకు లెక్కే లేదు. దుర్గేష్ వాళ్ళమ్మ "అడిగెటోళ్ళు ఎక్కువైతరు గద" అంది. కావచ్చు. అప్పుడు మళ్ళీ కూర్చుందాం అన్నాను.

ఈ ఉదయం నల్లా పోయిన తర్వాత జీవన్ వచ్చాడు. ఆకుపచ్చ బిందె, మీ నానమ్మదే, అంచు దగ్గర చిన్న చీలిక ఉన్నది. గల్లీలో అందరూ తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. మూడుసార్లు మీ ఇంటి నుంచి మా ఇంటికి నడిచాడు. మొదటి బిందె పోసేటప్పుడు నేను "తమ్మీ, వద్దు" అనబోయాను. నీ మాట గుర్తొచ్చి డ్రమ్ము మూత పట్టుకొని నిలబడ్డాను.

మూడోది పోశాక ఊపిరి తీసుకొని, "రాయి అక్కా. బిడ్డ చెప్పింది, రాసేదాక కదలొద్దని" అన్నాడు.

పుస్తకం తెచ్చాను. కొత్త పేజీ పైన ముందు నాది రాశాను: పద్మావతి, సాలమ్మకు, 2 బిందెలు, ఇవ్వనివి. ఎదుటి గడి ఖాళీగా వదిలేశాను. అది తీరేది కాదు. జీవన్ అది చదివాడు. కింద రెండో వరుస రాసి పెన్ను అతనికి ఇచ్చాను. సంతకం చేయబోయి ఆగాడు. వాళ్ళమ్మ గీసినట్టే చిన్న సిలువ గీశాడు. ఒక గీత పొడుగైంది.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "జర నీళ్ళియ్యి అక్కా, దూప అయితుంది" అన్నాడు. చెంబుతో ఇచ్చాను. నిలబడే తాగి వెళ్ళాడు. అది పుస్తకంలో రాయలేదు.

రెండో వరుస నువ్వు అడిగావు కనుక ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను.

6-7-2025. సాలమ్మ. పాత బాకీ 3 బిందెలు. కొడుకు చేతి మీదుగా ముట్టినవి. బాకీ లేదు.